ప్రెస్సు కింద ఏడాది

జూన్ 2

ప్రియమైన అత్తకి,

కందిరీగ నమస్కారాలు. ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. నాన్న కూడా క్షేమమే అనుకుంటున్నాను. నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు కాబట్టి ఆయన నోట విన్నది కాదు.

నువ్వు ఫోను జిగురు గిన్నెలో పడేసుకుని ఆరు నెలలైంది, కొత్తది తీసుకోలేదు. అందుకే ఈ ఉత్తరం. మీ ఊరి కాలేజీలో నాకు సీటు వచ్చింది. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను, ఒక పూట. మర్నాడు పొద్దున లేచి, ఈ ఏడాది చేరను, వచ్చే ఏడాది చేరతాను, ఈ ఏడాదంతా అత్త బైండింగు కొట్టులో పని నేర్చుకుంటాను అని చెప్పేశాను. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నాన్న ఎందుకని అడిగాడు. నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. అప్పటినుంచే ఈ మౌనం.

సీటు ఏడాది పాటు అట్టేపెట్టమని కాలేజీకి దరఖాస్తు పెట్టాను. వాళ్లు జవాబు పోస్టులో పంపుతారట. నీ కొట్టు చిరునామా ఇచ్చాను. మా ఇంటికొస్తే నాన్న చేతిలో పడుతుంది. పొడుగ్గా గోధుమరంగు కవరు వస్తుంది, జాగ్రత్త. ఇంతకీ నన్ను రానిస్తావా లేదా? వెంటనే రాయి.

నీ మేనకోడలు,
కందిరీగ

తా.క.: ఈ కాగితం నలిగిన మాట నిజమే. నలిగిన ఉత్తరాన్ని ముందు పుస్తకాలు అదిమే ప్రెస్సులో పెట్టి, సాపయ్యాక చదివే నీ అలవాటు ఈ ఒక్కసారికి మానుకో.


జూన్ 8

అత్తకి,

మళ్లీ కందిరీగే. నీ దగ్గరనుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇక్కడ నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

నా నిర్ణయం మారదు. ఏం జరిగినా సరే, ఈ ఏడాదే. అమ్మ ఏడ్చింది. 'తెలిసీ తెలియని వయసు, మోజు తీరాక తెలుస్తుంది' అని నాన్న అమ్మతో అన్నాడట. నచ్చకపోతే ఏడాది తర్వాత వదిలేస్తాను, అందులో తప్పేముంది? బట్టలు సర్దుకున్నాను. ఇరవయ్యో తారీకు బస్సెక్కుతాను. నీ ఇల్లు తప్ప నాకు వేరే దిక్కు లేదు.

ఆశతో,
కందిరీగ

తా.క.: నీ అటక గది చాలు. ఇరుకైనా ఫరవాలేదు, అలవాటు పడాలిగా.


జూన్ 11

చిరంజీవి కందిరీగకి,

అత్త దీవెనలు. దీవెనల సంగతి అలా ఉంచి, ముందు నువ్వు కుదురుగా కూర్చుని ఇది చదువు.

నీ ఉత్తరం నిన్న సాపైంది, ఇవాళ చదివాను. చేతిలో సూది పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఎవడు వాడు? ఏం పని చేస్తాడు? మీ అమ్మని ఏడిపించి, మీ నాన్నని కాదని బట్టలు సర్దుకునేంత గొప్పవాడా? నచ్చకపోతే ఏడాది తర్వాత వదిలేస్తావా? పెళ్లంటే లైబ్రరీ పుస్తకమటే, చదివి తిరిగిచ్చేయడానికి? నా కొట్టుకి రోజూ లైబ్రరీ పుస్తకాలు వస్తాయి. జనం తిరిగిచ్చినవాటి వాలకం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నిన్ను గుమ్మంలోనుంచి వెళ్లగొట్టను. నువ్వు నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నా జిగురు గిన్నెలో చెయ్యి పెట్టి, ఆ చేత్తోనే నా చీర పట్టుకున్నదానివి. ఆ మరక ఇప్పటికీ పోలేదు, నేను పోగొట్టుకోనూ లేదు. కానీ ఇద్దరికి అటక గది చాలదు. సగం కాగితం కట్టలే ఉన్నాయి. వాడు పొడుగైతే దూలం తలకి తగులుతుంది. తొందరపడి బస్సెక్కకు.

నీ మేలు కోరే
అత్త

తా.క.: సూదిలో దారం ఎక్కించడం వచ్చా వాడికి? ఈమధ్య నా కళ్లు సరిగ్గా ఆనడం లేదు. వస్తే ఆలోచిద్దాం.


జూన్ 14

అత్తా,

నమస్కారం, దణ్ణం, అన్నీ కలిపి ఒకేసారి. వాడూ లేడు, వీడూ లేడు. నా మొదటి ఉత్తరం ప్రెస్సులో ఉంటుంది, తీసి చదువు. నేను వదిలేస్తానన్నది బైండింగు పని. ఏడాది ఆగి చేరతానన్నది కాలేజీలో.

నీ ఉత్తరాన్ని అమ్మ నాకంటే ముందు విప్పింది. ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది రాయడానికి ఈ కాగితం చాలదు. రెండు వారాల మౌనం తర్వాత నాన్న నాతో మాట్లాడిన మొదటి మాట 'పేరేంటి?' అన్నది. మా వీధిలో కాస్త పొడుగ్గా ఉన్నవాళ్లందరినీ అమ్మ ఓ కంట కనిపెడుతోంది.

నాన్నకి అంతా విడమరిచి చెప్పాను. 'మీ అత్త కూడా ఒక్క ఏడాదే అంది. ముప్పై నాలుగేళ్లైంది' అని లేచి వెళ్లిపోయాడు. ఆ మాటకి అర్థమేమిటి? నువ్వెప్పుడూ నాకు చెప్పలేదే?

ఇంకోటి, ఇది చాలా తొందర పని. కాలేజీకి ఫోను చేశాను. జవాబు ఐదో తారీకునే పంపేశారట. దాంతోపాటు ఒక చీటీ ఉంటుంది. అందులో రెండు గడులు: ఈ ఏడాది చేరతాను, వచ్చే ఏడాది చేరతాను. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి, నేను గానీ ఆ ఊళ్లో ఉన్న మా పెద్దవాళ్లు గానీ సంతకం చేసి ముప్పయ్యో తారీకులోగా ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. ఇంకో చీటీ ఇవ్వండి అంటే, ఇచ్చే గుమస్తా సెలవులో ఉన్నాడు, జూలైలో వస్తాడు అన్నారు.

కంగారుగా,
కందిరీగ

తా.క.: అమ్మకి ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. 'లేనివాడి తలకి దూలం ఎలా తగులుతుంది?' అని అడుగుతోంది.


జూన్ 18

చిరంజీవి కందిరీగకి,

అత్త దీవెనలు. నీ మొదటి ఉత్తరం దొరికింది. ప్రెస్సులో రెండోదాని కిందే ఉంది. పైనున్నదాన్ని ముందు తీసి చదవడం నా తప్పే. ఆ పొడుగాటి అబ్బాయి లేనందుకు సంతోషం. సూదిలో దారం విషయంలో మాత్రం కాస్త నిరాశపడ్డాను.

ఇక నువ్వడిగినదానికి జవాబు. వద్దు. కాలేజీలో చేరిపో.

మీ నాన్న అన్నది నిజం. నీ వయసులో నాకూ అదే కాలేజీలో సీటు వచ్చింది. ఆ వేసవిలోనే, అప్పట్లో ఈ కొట్టు నడిపే మా నాన్న కుడిచెయ్యి విరిగింది. కట్టాల్సిన పుస్తకాలు గుమ్మందాకా పేర్చి ఉన్నాయి. ఒక్క ఏడాది ఆగి చేరతాను, నా సీటు ఉంచండి అని కాలేజీకి రాశాను. వాళ్ల జవాబు రాలేదు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే చాలు, సూది వదిలేసి గుమ్మంలోకి వెళ్లేదాన్ని. అలా రెండు నెలలు వెళ్లి, తర్వాత మానేశాను. వెళ్లి అడగొచ్చుగా అంటావు. జవాబైనా ఇవ్వనివాళ్ల దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను అనుకున్నాను. పద్దెనిమిదేళ్లకి మొహమాటం ఎక్కువ. నాన్న చెయ్యి బాగైంది గానీ, నేను కొట్టులోనుంచి కదల్లేదు.

ఎవరికీ చెప్పనిది ఒకటి నీకు చెబుతున్నాను. ఆ జవాబుని నాన్నే దాచేశాడేమో అని అప్పుడప్పుడు అనిపించేది. నేను కాలేజీకి వెళ్లిపోతే కొట్టులో ఆయనకి తోడెవరు? ఆయన పోయేదాకా అడగలేకపోయాను. అడిగి ఉండాల్సింది.

ఈ పని నాకిష్టమే, నా బతుకు మీద నాకేం ఏడుపు లేదు. కానీ నీ ఏడాదిని కూడా ఈ కొట్టు మింగేస్తే నేను తట్టుకోలేను. సంచీ విప్పేసెయ్.

ప్రేమతో,
అత్త

తా.క.: గోధుమరంగు కవరు వచ్చినట్టే గుర్తు. అప్పుడు చేతులనిండా జిగురు, మోచేత్తో ప్రెస్సులోకి తోశాను. ఇప్పుడు ప్రెస్సులో లేదు. ఈలోపు పదిహేడు పుస్తకాలు కట్టాను. అట్టల లోపల అస్తరు కింద పాత కాగితాలు వేసి అంటిస్తుంటానని నీకు తెలుసుగా. అంతవరకే చెబుతున్నాను, గుండె దిటవు చేసుకో.


జూన్ 22

అత్తకి,

నమస్కారాలు. సంచీ విప్పాను. బట్టలు మాత్రం బీరువాలో పెట్టలేదు, కుర్చీ మీదే ఉన్నాయి.

నీ ఉత్తరాన్ని నాన్నకి చదివి వినిపించాను. తాతయ్య చెయ్యి విరిగినప్పుడు తనకి పదేళ్లట. నువ్వు ఎడమచేత్తో అట్టకి జిగురు రాస్తూ, కుడిచేత్తో తన లెక్కలు దిద్దేదానివట. 'అక్క చదువుకోవాల్సిన టైములో నన్ను చదివించింది' అన్నాడు. తర్వాత కళ్లజోడు తుడుచుకున్నాడు. దాని మీద దుమ్మేమీ లేదు.

నాన్న ఎందుకని అడిగితే నేను చెప్పలేకపోయిన జవాబు నీకు రాస్తాను. కాలేజీ ఫారంలో ఒక ప్రశ్న ఉంది, 'ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారు?' అని. కింద నాలుగు గీతలు. పన్నెండేళ్లుగా ఏ ప్రశ్న అడిగినా రాసేదాన్ని. ఆ నాలుగు గీతల దగ్గర చెయ్యి కదల్లేదు. చివరికి నా స్నేహితురాలు రాసింది చూసి రాశాను, చిన్నప్పటినుంచీ నాకు అంకెలంటే ప్రాణమని. ఎంత ప్రాణమో మా లెక్కల టీచరుని అడిగితే చెబుతుంది. అలా వచ్చింది అత్తా ఆ సీటు. వేరేవాళ్ల జవాబుతో లోపలికి వెళ్లాలంటే నాకు భయంగా ఉంది.

పోయిన వేసవిలో నువ్వు పుస్తకం కుడుతూ, మొదట్లో ఒక ఖాళీ కాగితం పెట్టావు. అచ్చు లేని కాగితం దండగ కదా అన్నాను. 'తెరిచీ తెరవగానే అచ్చు మీద పడకూడదే, చేతి చెమటంతా ముందు దీనికి అంటాలి' అన్నావు. నాకు కావాల్సింది ఆ ఒక్క కాగితమే. పుస్తకం మానేస్తానని కాదు.

నీ కొట్టు నన్ను మింగుతుందని భయపడకు. నేను కందిరీగని, మింగితే గొంతులో కుడతాను. కవరు దొరికితే ఏ గడిలో టిక్కు పెట్టాలో నీకే వదిలేస్తున్నాను. నువ్వు ఏది పెట్టినా నీ మీద కోపం తెచ్చుకోను.

నీ
కందిరీగ

తా.క.: అబ్బాయి లేడని అమ్మ ఎట్టకేలకు నమ్మింది. అప్పటినుంచి కాస్త దిగులుగా ఉంది. అల్లుడు పొడుగ్గా ఉంటాడని మనసులో అనేసుకుందట.


జూన్ 29

చిరంజీవి కందిరీగకి,

అత్త దీవెనలు, ఈసారి మనస్ఫూర్తిగా.

నీ ఉత్తరం చేరగానే చదివాను, ప్రెస్సులో పెట్టలేదు. చదివి, కట్టిన పుస్తకాల వెంట పడ్డాను. స్కూలు హాజరు రిజిస్టర్లు పది, లైబ్రరీవి ఆరు, పాటల మాస్టారి నోటుపుస్తకం ఒకటి. ఇచ్చినవన్నీ వెనక్కి తెప్పించి అట్టలు కోసి చూశాను. ఎందుకమ్మా అని హెడ్మాస్టరు అడిగితే, జిగురు మీద అనుమానంగా ఉందన్నాను. ముప్పై నాలుగేళ్లలో నా జిగురుని నేను నిందించడం అదే మొదలు. పదిహేడింటిలోనూ లేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక మిగిలింది ప్రెస్సే. దాని అడుగు చెక్కకీ బల్లకీ మధ్య, గోడవైపు, వేలెడు సందు ఉందని మొన్ననే చూశాను. నాన్న బిగించినప్పటినుంచీ ఆ చెక్కని ఎవరూ లేపలేదు. పక్క కొట్టు వడ్రంగిని పిలిచి లేపించాను. కింద నీ గోధుమరంగు కవరు ఉంది. దాని కింద ఇంకో పొడుగాటి కవరు ఉంది. అదే కాలేజీ ముద్ర, కాకపోతే రంగు వెలిసింది. దాని మీద ఉన్నది నా పేరు.

కవరు అంటించినది అంటించినట్టే ఉంది, ఎవరూ విప్పలేదు. నలిగిన ఉత్తరాన్ని ప్రెస్సులో పెట్టే అలవాటు నాకు వచ్చింది నాన్న దగ్గరనుంచే. నేను లేనప్పుడు అందుకుని, నాకోసం సాపు చేద్దామని పెట్టి మరిచిపోయి ఉంటాడు, అది కిందికి జారిపోయి ఉంటుంది. అంతే. ఆయన దాచలేదే. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన్ని కొంచెం అనుమానిస్తూ, ఆ పాపానికి ఇంకొంచెం ఎక్కువ సేవ చేస్తూ గడిపాను. నేల మీద కూర్చుని ఏడ్చేశాను. వడ్రంగి తన ఉలి తగిలిందేమోనని హడలిపోయాడు.

లోపల రెండే వాక్యాలు. నా సీటు ఏడాది పాటు ఉంచుతున్నారట, చీటీ మీద సంతకం చేసి పంపమన్నారు. అంటే నన్ను మింగింది ఏడాది కాదు, ఆ వేలెడు సందు. మీ నాన్నకి కూడా విడిగా ఒక కార్డు మీద ఆ మాటే రాశాను.

నిన్న నీ చీటీ తీసుకుని కాలేజీకి వెళ్లాను. వచ్చే ఏడాది అన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, రసీదు తీసుకున్నాను. నీ ఖాళీ కాగితం నీకు దొరికింది. ఒక్క కాగితమే, గుర్తుంచుకో. రసీదు గోడకి మేకేసి కొట్టాను, ఏ సందులోనూ దూరదు. కుర్చీ మీద బట్టలు సంచీలో పెట్టుకుని వచ్చెయ్. నువ్వు రావడం ఇప్పుడు నాకే అవసరం. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా కొట్టులో ఎవరో ఒకరు ఉండాలి.

ఎందుకంటావా? పనిలో పనిగా నా పాత చీటీ కూడా ఇచ్చాను. కౌంటరు దగ్గర ఉన్నామె అటూ ఇటూ తిప్పి చూసి, 'చాలా ఆలస్యమైందండీ' అంది. 'నాకు మొన్ననే అందిందమ్మా' అన్నాను. ఆమె లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చింది. పగటి తరగతుల్లో కుదరదట, సాయంత్రం తరగతులకి వయసుతో పనిలేదట. కొత్త ఫారం ఇచ్చింది. నీ నాలుగు గీతల ప్రశ్న నాకూ ఎదురైంది. 'ఇన్నేళ్లుగా కుట్టిన పుస్తకాల్లో ఏముందో చదువుదామని' అని రాశాను. ఒక్క గీత సరిపోయింది.

నీ కోసం ఎదురుచూస్తూ,
అత్త

తా.క.: నాకు తరగతులు సోమవారం మొదలు. నువ్వు చేరేది వచ్చే ఏడాది. అంటే కాలేజీలో నేను నీకు సీనియర్ని. కొట్టులో అత్తా అను, ఫరవాలేదు. అక్కడ ఎదురుపడితే మాత్రం లేచి నిలబడు.