యోమ్ మాష్టారి గీతలు

సియోల్,
నవంబరు 24

ప్రియమైన అక్కకు,

తమ్ముడు దోక్యు నమస్కారాలు. ఇక్కడ నాకు ఒంట్లో కులాసాగానే ఉంది. అక్కడ నువ్వూ బావా పిల్లలూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది, జవాబు రాయడానికి ఈ ఆదివారం కుదిరింది.

నువ్వు పంపిన ముల్లంగి కిమ్చీ అందింది. నేల కింద వేడి గొట్టాలున్నాయిగా, గది వెచ్చగానే ఉంటోంది. నా ఉద్యోగమేమిటో బావకు అర్థం కాలేదని రాశావు. పాటల స్వరాలను కంప్యూటర్లో రాసుకునే సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. అందులో ఏదైనా తేడా వస్తే వాడేవాళ్లు ఫోన్ చేస్తారు, ఎలా సరిచేసుకోవాలో నేను చెబుతాను. అంతే.

ఈ నెల మొదట్లో వాండో దీవి నుంచి యోమ్ మాష్టారని ఒకాయన ఫోన్ చేశారు. డెబ్భై నాలుగేళ్లు. అక్కడి చర్చిలో పాటల బృందానికి పెద్ద. ఒకే అక్షరాన్ని నాలుగైదు స్వరాల మీద ఊపిరి తెంపకుండా పాడాలంటే ఆ స్వరాల మీద విల్లులా ఒక గీత గీస్తారు. దాన్ని స్లర్ అంటారు. ఆయన అచ్చు తీసిన కాగితాల్లో ఆ గీతలు కొన్ని రావడం లేదు.

"గీత లేక మా ఆడవాళ్లు స్తోత్రం మధ్యలో గుటక వేస్తున్నారయ్యా! 'స్తో' అని ఆగి, ఊపిరి పీల్చి, మళ్లీ 'ఓ' అంటున్నారు. అందరికీ ఒక్కసారే ఎక్కిళ్లు పట్టినట్టుంది" అన్నారు.

నేను పైకే నవ్వేశాను. పక్క బల్ల దగ్గర కూర్చునే తక్ మేడమ్ తలెత్తి చూసింది.

మర్నాడు ఆయన ఫైలు పంపారు. ఆ తర్వాత ఆఫీసున్న ప్రతి రోజూ పదకొండింటికి ఫోన్. ఫాంట్లు మార్చమన్నాను, మార్చారు. ప్రింటర్ తీసి మళ్లీ పెట్టమన్నాను, పెట్టారు. మధ్యలో ఆయన పిల్లి సంగతులూ, సముద్రంలో నాచు కోతల సంగతులూ. పెట్టేసే ముందు "అన్నం తిన్నావా బాబూ?" అని అడిగేవారు.

అక్కా, ఆదివారాలు స్నేహితులతో కొండెక్కుతున్నానని కిందటి ఉత్తరంలో రాశాను. అబద్ధం. నాకిక్కడ ఎవరూ లేరు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఫైలు వచ్చిన రోజే లోపమేమిటో నాకు తెలిసిపోయింది. గీత కొస పాడే స్వరానికి కాకుండా, పక్కన కనబడకుండా దాచి ఉంచిన, పాట ఆపమని చెప్పే విరామ గుర్తుకు తగులుకుని ఉంది. గుర్తుతో పాటే గీతా మాయం. కొస విప్పి స్వరానికి తగిలిస్తే సరి, రెండు నిమిషాల పని. కానీ చెప్పేస్తే రేపు ఫోన్ రాదు. "ఇంకా చూస్తున్నాను మాష్టారూ" అన్నాను. పది రోజులు అదే మాట.

పదిహేనో తారీకున ఆయనే అన్నారు. "ఇక నువ్వు శ్రమపడకు బాబూ. ఎల్లుండే చర్చిలో పంటల పండుగ. ఇరవై మూడు కాగితాల మీదా నేనే పెన్నుతో గీసేశాను. చెయ్యి వణికి ఎండ్రకాయ నడిచినట్టున్నాయిలే, అయినా పాడేస్తారు."

ఇక దాచలేకపోయాను. ఉన్నదంతా చెప్పాను.

"రెండు రోజులు గీశాను" అన్నారు. ఫోన్ పెట్టేశారు.

మొన్న మంగళవారం మళ్లీ ఆయన గొంతే. నేను పేరు చెప్పగానే, "పక్కన ఇంకెవరైనా ఉంటే ఇవ్వు" అన్నారు. తక్ మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ ఏదో చెప్పి, నవ్వి, పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ అబ్బాయి అన్నం ఒక్కడే తింటాడా అని అడిగాడాయన. నీకు చెప్పొద్దన్నాడు. నాకేం తెలుసు? అవుననుకుంటా అన్నాను."

అని మళ్లీ తన కంప్యూటర్ వైపు తిరిగింది. నేనూ నా పనిలో పడ్డట్టు తల వంచుకున్నాను. అక్షరం కనబడితే ఒట్టు.

ఇది చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరూ లేరక్కా. తిట్టాలనిపిస్తే ఫోన్ చేసే తిట్టు. నీ గొంతు వింటాను.

ఇట్లు,
నీ తమ్ముడు
దోక్యు