మీకు పెట్టుకోని చింతగింజ

మీరిది చదవరని తెలుసు. బతికుండగా మాత్రం నా మాట ఏం విన్నారు కనుక!

మన ఎల్లారెడ్డి ఊళ్ళోకి మళ్ళీ ప్లేగు వచ్చిందండి. పొద్దున మన వసారాలో ఎలుకలు చచ్చి పడ్డాయి. ఊరు ఖాళీ చేయించాలా వద్దా అన్నది మీ తరువాత పటేల్ అయిన మీ కొడుకే తేల్చాలి. కోతల వేళ ఊరు కదిలిస్తే తహసీల్‌దారు మండిపడతాడని వాడి భయం.

మీరు నేర్పినట్టే చింతగింజలు ముందేసుకున్నాడు. కళ్ళారా చూసినదానికి గింజ కుడివైపు, విన్నదానికీ ఊహించినదానికీ ఎడమవైపు. చచ్చిన ఎలుకలు కుడికి వచ్చాయి, తహసీల్‌దారు కోపం ఎడమకు పోయింది. ఆపైన మీ ప్రశ్న: పొరబడితే దిద్దుకోగలమా? అనవసరంగా వెళ్తే తిరిగి రావచ్చు. ఉండిపోతే?

వెంటనే దండోరా వేయించాడు. జనం పొలాల్లోని గుడిసెలకు కదిలారు. మనవలను తీసుకొని కోడలూ వెళ్ళింది. అప్పుడు మీ కొడుకు నాతో అన్నాడు, "అవ్వా, నువ్వు గూడ పో. నేను వడ్లకు కావలుండి రేపొస్త."

వెనకటి ప్లేగులో మీరూ ఆ గడపలోనే ఈ మాటే అన్నారు. ఊరందరికీ గింజలు పెట్టి, మీకు ఒక్కటీ పెట్టుకోలేదు. రేపొస్తానన్న మీరు మళ్ళీ రానేలేదు.

గింజలు వాడి ముందు కుమ్మరించాను. "ఏందిరా, ఊరికొక లెక్క, నీకొక లెక్కనా? నీకు గూడ పెట్టి చూడు. అప్పటిదాంక నేను గీ గడప దిగ."

వాడు తనకూ గింజలు పెట్టి చూసుకొని, లేచి ఇంటికి తాళం వేశాడు.

ఇప్పుడు నా ఎదుటే గుడిసెకు గడ్డి కప్పుతున్నాడు. చెమట తుడిచే సాకుతో మాటిమాటికీ వాడి నుదురు తాకి చూస్తున్నాను.