లావు తూటాకు నా సెల్యూట్

ఖాజా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నా రాత కోడి గీకినట్టుంటదని నీకు ఎర్కే. అయినా రాస్తున్న, ఎందుకంటే నువ్వు గెలిచినవ్.

ఫౌజు నుంచి వచ్చినప్పటి సంది మేడ్చల్ చాయ్ హోటల్ల మనకు ఒక్కటే లొల్లి. మనం మోసిన కట్టె పిడి రైఫిల్ పోయినా, దాని లావు తూటా మళ్ల వస్తదని నువ్వు. సన్న తూటాలు బరువు తక్కువ, మస్తు మోసుకపోవచ్చు, గవే నిలుస్తయని నేను. ఓడినోడు హోటల్ ముంగట గెలిచినోనికి సెల్యూట్ కొట్టాలని పందెం.

నిన్న నీ మనుమరాలు షబానా ఫౌజు నుంచి సుట్టీ మీద వచ్చింది. గౌడవెల్లిల మీ ఇంటికి పోయి, ఇప్పుడు ఏ తూటా ఇస్తున్రని అడిగిన.

"సరిహద్దుల ఇప్పుడు లావు తూటా రైఫిలే ఇస్తున్రు తాతా. దూరం కొట్టాలె, తగిలినోడు లేవొద్దంట" అన్నది. నా మొఖం జూసి నవ్వింది, అచ్చం నీ లెక్కనే.

మాటంటే మాటే. నెత్తి మీద టోపీ లేంది సెల్యూట్ గాదంటవని, పెట్టెలకెళ్లి పాత టోపీ తీసి పెట్టుకున్న. పొద్దుగాల హోటల్ ముంగట నీ కుర్చీకి కొట్టిన.

"ఏంది తాతా, గట్ల నిలబడ్డవ్?" అన్నడు చాయ్ పోసేటోడు.

"పందెంల ఓడిపోయిన రా. జల్దీ చాయ్ తే" అన్న.

ఎక్కువ ఉబ్బకు. ఇండ్లల్ల జొరబడి కొట్లాడేటందుకు కార్బైన్ అని కొత్త పొట్టి తుపాకి వస్తాందంట, దాంట్ల నా సన్న తూటానే. షబానానే చెప్పింది. గా సెల్యూట్ నువ్వు నాకు బాకీ. నేను వచ్చినప్పుడు లేచి నిలబడి కొట్టాలె. పండుకొని కొడితే ఒప్పుకోను.

నీ మల్లేశ్