ఐదు రూపాయల సలహా

తార్నాక, 1968

అన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం, నా తలనొప్పి తప్ప. మీ బావ రిటైరైతే వచ్చిన ఫండు డబ్బు ఎక్కడ పెట్టాలో లెక్కలు తెలిసినవాళ్లను అడగమని రాశావు. తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎకనామిక్స్ చెప్పే సారు గంటసేపు దేశం సంగతంతా చెప్పి, చివరికి తన బావమరిది చిట్టీలో చేరమన్నాడు. విద్యానగర్ ఇన్సూరెన్సు ఏజెంటు మా ఇంట్లో చాయ్ మీద చాయ్ తాగి, ఏం అడిగినా పాలసీయే అన్నాడు. ఇద్దరూ సలహాకు పైసా తీసుకోలేదు.

విసుగొచ్చి సీతాఫల్‌మండిలో రిటైరైన అకౌంటెంటు లక్ష్మీనర్సయ్య గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ముందే ఐదు రూపాయలు ఫీజు అడిగారు. ఒళ్లు మండింది, అయినా ఇచ్చాను.

"నీకు సలహా చెప్పినోళ్లల్ల నీ పైసలతోని ఎవరికేం లాభమున్నదమ్మా?" అన్నారు.

సారు సంగతి, ఏజెంటు సంగతి చెప్పాను. అదే ఉత్తరం చివర, ఆ డబ్బు నీ బియ్యం మిల్లులో పెట్టుబడి పెట్టమని నువ్వు రాసిన సంగతీ చెప్పాల్సి వచ్చింది.

"మీ అన్న గూడ గా లైన్లనే ఉన్నడమ్మా. సక్కగ పోస్టాఫీసుల ఏసుకో."

వేసేశాను. అడగమన్నది నువ్వే కాబట్టి, ఈసారి వచ్చేటప్పుడు ఆ ఐదు రూపాయలు పట్టుకురా.

నీ చెల్లెలు