కాకి స్నానం

మార్చి 3, సోమవారం

డ్యూటీకి ముందు క్లాసు. మేం హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించే ఆయాలం కదా, స్నానం ఎలా చేయాలో మాకే నేర్పడానికి ఒకమ్మాయి వచ్చింది. మగ్గు మగ్గుకీ ఆగాలట. నీళ్ళు ఎక్కడెక్కడ తగులుతున్నాయో పట్టించుకోవాలట. మన ఒళ్ళు మనకి నచ్చితేనే ఇంకొకళ్ళ ఒళ్ళు జాగ్రత్తగా ముట్టుకుంటామట. నాది కాకి స్నానం. నాలుగు మగ్గులు, ఒక టవల్. నలభై రెండేళ్ళ ఒళ్ళు, అందులో చూడ్డానికేముంది? మేట్రన్ మాత్రం తెగ తలూపింది. పదిహేను రోజులు డైరీ కూడా రాయాలట, ఎవరికీ చూపించక్కర్లేదట. అందుకే ఈ ఏడుపు.

మార్చి 4

పావుగంట చేశాను. లోపల కాపురం పెట్టావా అని మా ఆయన తలుపు బాదాడు.

మార్చి 6, పొద్దున 5.40

నిజం చెప్పొద్దూ, బాగుంది. భుజం మీద నీళ్ళు పడుతుంటే నాకూ ఓ భుజం ఉందని గుర్తొచ్చింది. సిజేరియన్ కుట్లు మొదటిసారి తీరిగ్గా చూశాను. అంత అసహ్యంగా ఏం లేవు పాపం.

ఒక్కటే. ఎడమ చిటికెన వేలి మీద నీళ్ళు పడ్డాయి. పడటం చూశాను. తగల్లేదు.

మార్చి 7

ఉంగరం వేలు కూడా.

మార్చి 10

మణికట్టు దాకా వచ్చింది. పిన్నీసుతో గుచ్చుకున్నాను. రక్తం వచ్చింది గానీ నొప్పి రాలేదు. మా ఆయనకి చెప్పలేదు. మేట్రన్‌కి అసలు చెప్పను. నడుం పట్టేసిందని నోరు జారిన తోటి ఆయాని రెస్ట్ తీసుకోమన్నారు. నెల తిరక్కుండా ఆ రెస్టే పర్మనెంట్ అయింది. నాకు చదువా సంధ్యా, ఉన్నవి ఈ రెండు చేతులే.

మార్చి 13

రెండ్రోజులుగా మళ్ళీ కాకి స్నానమే. చూసుకోవాలంటే భయం.

నీళ్ళ వేడి చూడ్డానికి మా దగ్గర ఒకటే పద్ధతి, మోచెయ్యి ముంచడం. నేను ముంచేది ఎడమది. కుడిచేత్తో మనిషిని పట్టుకోవాలి కదా, పద్నాలుగేళ్ళ అలవాటు. మోచేతి దాకా రాలేదులే అనుకున్నాను. ముంచితే సరిగ్గానే ఉన్నట్టనిపించింది.

ఇవాళ టీచరమ్మ వంతు. స్ట్రోక్ వచ్చి మాట పోయిన మనిషి, కుడి చెయ్యి ఒక్కటే ఆడుతుంది. పాదాలు టబ్బులో పెట్టించి వీపు రుద్దుతుంటే బొటబొటా కన్నీళ్ళు. సబ్బు పడిందేమోనని తుడిచాను. మళ్ళీ వస్తే మళ్ళీ తుడిచాను. నా ఏప్రన్ పట్టుకుని లాగుతుంటే, ఈవిడకి ఇవాళ అల్లరి ఎక్కువైందని నవ్వాను కూడా.

పాదాలు బయటికి తీస్తే ఎర్రగా కందిపోయి ఉన్నాయి. సాయంత్రానికి బొబ్బలు.

మార్చి 14

మేట్రన్ గీజర్ మీద పడింది. ప్లంబర్ వచ్చి థర్మోస్టాట్ మార్చాడు. పాతది బాగానే ఉందే అని గొణుక్కున్నాడు. నేను పక్కనే టవల్స్ మడతపెడుతున్నాను. ఇంకోటి తీసుకుని మడతపెట్టాను. ఛీ, నా బతుకు.

మార్చి 16, ఆదివారం

ఇంట్లో పొగలు కక్కే నీళ్ళు పట్టుకుని ఎడమ మోచెయ్యి ముంచాను. ఏమీ లేదు. కుడి వేలు పెడితే చుర్రుమంది.

రేపు టీచరమ్మకి మళ్ళీ స్నానం. లిస్టులో నా పేరే ఉంది. నీళ్ళు కాలినా ఆవిడకి అరిచే నోరు లేదు. భయమేస్తోంది. ఉద్యోగం పోతుందని కాదు. కాదేంటి, ఉద్యోగం పోతుందనే కూడా. డైరీలో కూడా అబద్ధమెందుకు?

మార్చి 17

చెప్పేశాను. మేట్రన్ నమ్మలేదు. టీచరమ్మ మంచం దగ్గరికి తీసుకెళ్ళి నా ఎడమ చేతికి పిన్నీసు గుచ్చి చూపించాను. ఆ కాళ్ళు కాల్చింది గీజర్ కాదు, నేనేనని ఆవిడకీ చెప్పాను. మొహం తిప్పుకుంటుందనుకున్నాను. ఆడే ఆ ఒక్క చేత్తో నా ఎడమ చెయ్యి పట్టుకుంది. మెల్లగా పట్టుకుందో, కోపంగా నలిపిందో నాకు తెలియలేదు. అందుకే ఏడ్చాను.

మేట్రన్ పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. డ్యూటీ సంగతి తర్వాత చూద్దామంది. ఆ తర్వాత అంటే ఏంటో నాకు తెలుసు.

మార్చి 18

స్నానం చేశాను, తొందరేం లేకుండా. ఎడమ చేతికీ సబ్బు రాశాను, నాదేగా. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయని కుడి చెయ్యి చెప్పింది. దాని మాట ఎన్నాళ్ళు నమ్మొచ్చో.