రాజేశానికి గొంతు వెతకడం

జులై 4, కోరుట్ల
ఇది రాయకుండా పడుకుందామనే అనుకున్నాను. జగిత్యాల డాక్టరు మాట బుర్రలోంచి పోవడం లేదు — రాజేశం గొంతుపెట్టె మొత్తం తీసేయాలి. ఈ నెలాఖరుకే, హైదరాబాదులో. తర్వాత ఇక మాట ఉండదు. రాసి చూపిద్దామంటే అతని భార్యకు, అంటే మా చెల్లె లక్ష్మికి, చదువు రాదు.
ఫోను చదివి వినిపిస్తుంది కదా అన్నాను. అందులో పలికేది ఆడగొంతు. "ఆడివిల్ల గొంతుతోని నా పెండ్లాన్ని పిలువాల్నా బావా?" నవ్వాడు. నవ్వు దగ్గయింది.

జులై 6
పాత ల్యాప్‌టాప్ దుమ్ము దులిపాను. డీటీపీ సెంటర్ నడిపిన రోజుల్లో పుస్తకం చూసి ఎక్కించుకున్న యూనిక్స్ జాతి సిస్టమ్. ఇందులో పోర్ట్స్ అని ఒక పెద్ద అంగడి. వేల ప్రోగ్రాములు, అరలు అరలుగా. కొన్ని భాషలకు సొంత అరలు — అరబ్బీ, వియత్నామీస్, హంగేరియన్... తెలుగుకు లేదు. హంగేరీలో ఎందరుంటారని! కరీంనగర్ బస్టాండులో పండగ పూట అంతమంది... సరే, అది వేరే కథ.
తెలుగు అని వెతికితే ఫాంట్లు వచ్చాయి. చూపించేవే. పలికేది లేదు.

జులై 7
ఏమీ దొరకలేదు.

జులై 9
వెతికే తీరే తప్పు. పేరు తెలియనప్పుడు పనిని బట్టి వెతకాలి. 'స్పీచ్' అని కొట్టాను. రాసింది పలికే ప్రోగ్రామొకటి పాటల సరుకుండే ఆడియో అరలో కూర్చుని ఉంది. తెలుగు వచ్చు. మగగొంతే. ఇక్కడ ప్రోగ్రాము మన మిషన్లోనే తయారవ్వాలి. తయారీకి పెట్టాను — దానికి ఇంకో ప్రోగ్రాము కావాలట, ఆ ఇంకోటికి మరోటి... పెళ్ళివారిలా దిగుతున్నాయి.

జులై 12, సిరిసిల్ల
రాజేశం ఒంటివేలితో 'లక్ష్మీ' అని కొట్టాడు. పలికింది. రేకుడబ్బాలోంచి పిలిచినట్టు.
"గిది నేను గాదు. గని నడుస్తది తీయ్."
లక్ష్మి వంటింట్లోంచి రాలేదు.

ఆగస్టు 13, సిరిసిల్ల
ఆపరేషనయ్యాక రాజేశాన్ని ఇంటికి తెచ్చారు. మెడకు రంధ్రం, మీద గుడ్డ. ల్యాప్‌టాప్ ముందుపెట్టాను. మూత వేసేశాడు. పెదవులు కదిపాడు. నాకేమీ తెలియలేదు.
"చాయ్ తాగి పొమ్మంటుండు అన్నా," అంది లక్ష్మి.
ఇద్దరూ ఎన్నో ఏళ్ళు సాంచాల షెడ్డులో పనిచేసినవాళ్ళు. ఆ మగ్గాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు — పెదవులు చూసే మాట్లాడుకునేవారట. ముందే చెప్పలేదేం అన్నాను. "నువ్వు గంత తిప్పలవడుతుంటె ఎట్ల జెప్పుదు?"
చాయ్ తాగాను. రాజేశం మళ్ళీ పెదవులు కదిపాడు. మెల్లగా, ఆమెనే చూస్తూ. ఏమంటున్నాడు అని అడిగాను.
లక్ష్మి కొంగుతో నవ్వు దాచుకుంది. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.