అమ్మ నొక్కిన ‘అవును’

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. మన ఇంటి మెయిల్ ఖాతా ఇంకా నీ ఫోన్ మీదే నడుస్తోంది. ఆ ఫోన్ నెల్లికుదురులో అమ్మ దగ్గరే ఉంది. ఈరోజు పాలకుర్తిలో నేను కొత్త ఫోన్ కొని అందులో మన మెయిల్ తెరవబోతే, ‘ఇది మీరేనా?’ అని నీ ఫోన్‌లో అడిగిందట. వెంటనే అమ్మ తన చిన్న ఫోన్ నుంచి నాకు చేసింది.

“బిడ్డా, ఎవరో మన మెయిల్ల జొర్రుతున్నరు. నువ్వేనా?”

“నేనేనమ్మా. అవును అని నొక్కు.”

“గట్ల చెప్పు మరి. అడగకుంట ఊకెనే ఎట్ల నొక్కుత?”

నువ్వున్నప్పుడు అమ్మ ఆ ఫోన్ ముట్టుకోవడానికే భయపడేది. మన చెల్లె లత దగ్గర కూర్చుని నేర్చుకుందట. ఖాతాను నా నంబరుకు మార్చుకుంటానంటే, “ఉండనియ్, నేను చూసుకుంట” అంది.

మెయిల్ తెరుచుకోగానే లతకు నర్సింగ్ సీటు వచ్చిన కబురు కనిపించింది. చదివి, అమ్మే ముందు చూడాలని దాన్ని మళ్లీ చదవని మెయిల్‌గా మార్చి పెట్టాను. “కొత్త మెయిల్ వచ్చిందమ్మా, చూడు” అని మాత్రమే అన్నాను.

అమ్మ నీ ఫోన్‌లో అది తెరిచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ లత పేరు పట్టుకుంది. “లతా, నీకేందో వచ్చింది, జల్ది రా!” అని పిలిచింది. కాసేపటికి లత వేసిన కేక నా చెవిలో గింగురుమంది.

నువ్వు పోయాక మన ఇంట్లో అంత సంతోషంగా ఎవరైనా అరవడం ఇదే మొదలు అన్నా.

నీ చెల్లె